మళ్లీ మొదటి నుంచి లెక్క



పోయిన మీటింగులో మన కుటుంబాల రిజిస్టరు గురించి కొంచెం గట్టిగానే మాటలు నడిచాయి. మూడు నెలల్లో అయిపోతుందన్న కంప్యూటర్ పని పద్నాలుగు నెలలైనా ఎందుకు కాలేదని అడిగినవాళ్లలో మేమూ ఒకరం. ఇంటికొచ్చి నిదానంగా ఆలోచిస్తే తప్పు ఎక్కువ భాగం మన వైపే ఉన్నట్టు తోచింది. అందుకే ఈ రాత. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో నాయన దగ్గర నేర్చుకున్నవే. మాటల్లో తప్పులుంటే సర్దుకుని చదవండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. చిత్తూరు వైపు పల్లెల నుంచి, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి, మన కోలారు జిల్లా ఊళ్ల నుంచి బంగారు గనులకు వచ్చిన తెలుగు కుటుంబాల వివరాలన్నీ ఒకచోట రాసిపెట్టాలని సంఘం అనుకుంది. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ గనిలో దిగారు, ఏ లైన్‌లో కాపురం ఉన్నారు, గని మూతపడ్డాక ఎక్కడికి పోయారు, ఇవీ వివరాలు. కాగితం మీద రాస్తే పోతుందని, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన పిల్లోడొకడు సాయంత్రాలు, ఆదివారాలు కూర్చుని చేసిపెడతానన్నాడు. డబ్బు అడగలేదు. పని మొదలైంది. ఇంకా ముగియలేదు. ఈలోపల ఛాంపియన్ రీఫ్‌లో టింబర్‌మన్‌గా చేసిన పెద్దాయన పోయారు. తన లైన్‌లో వంద ఇళ్లవాళ్ల సొంతూళ్ల పేర్లు నోటికి చెప్పగలిగిన అవ్వ కూడా పోయింది. ఆలస్యం వల్ల మనకు పోయింది అదీ.

ఆలస్యం ఎందుకైందో చెప్పాలంటే మా బుకింగ్ కౌంటర్ నుంచి మొదలుపెట్టాలి.

మేము రైల్వేలో చేరినప్పుడు అన్నీ అట్ట టికెట్లే. ఊరి పేరును బట్టి టికెట్లు గొట్టాల్లాంటి అరల్లో వరస నంబరుతో ఉండేవి. కింద నుంచి ఒకటి లాగి, తేదీ మిషన్‌లో కొట్టి ఇచ్చేవాళ్లం. డ్యూటీ దిగేముందు ప్రతి గొట్టంలో మొదలైన నంబరు, ఆగిన నంబరు చూసి, తేడాను చార్జీతో హెచ్చవేసి, అన్నీ కూడితే వచ్చే మొత్తం పెట్టెలోని డబ్బుతో సరిపోవాలి. తగ్గితే మన జేబులోంచి కట్టాలి. ముప్పై నలభై గొట్టాల లెక్క మనసులో పెట్టుకుని కూడుతూ పోతుంటే, కిటికీ దగ్గరికి ఎవరో వచ్చి "సార్, జోలార్‌పేట బండి ఎన్నింటికి?" అంటారు. జవాబు చెప్పడానికి అర నిమిషం. కానీ తల తిప్పి చూస్తే ఏ గొట్టం దగ్గర ఉన్నామో తెలియదు. మళ్లీ మొదటి నుంచి లెక్క. అర నిమిషం ప్రశ్న పావుగంట తినేది.

మా సీనియర్ ఒకాయన ఒక ఉపాయం నేర్పారు. ఎవరు పిలిచినా ముందు తల ఎత్తకు, పెన్సిల్‌తో ఇప్పటిదాకా వచ్చిన మొత్తం, తరువాతి గొట్టం పేరు రాసుకో, అప్పుడు తల ఎత్తు. ఆ రెండు ముక్కలు రాయడానికి ఐదు సెకన్లు. ఆ రోజు నుంచి మాకు షార్టేజీ పడలేదని చెప్పము గానీ, చాలా తగ్గింది.

ఈ చిన్న ఉపాయమే గనిలో ప్రాణం కాపాడే నియమం. మా నాయన షిఫ్టు దిగి వచ్చాక చెప్పేవారు. రాతిలో రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చాక, కొన్ని పేలకుండా ఉండిపోతాయి. దాన్ని మిస్‌ఫైర్ అంటారు. ఆ సంగతి చూసిన మనిషి సంగు మోగగానే ఏమీ చెప్పకుండా పైకి వచ్చేస్తే, తరువాతి షిఫ్టు వాడు అదే రంధ్రం పక్కన డ్రిల్లు పెడతాడు. అందుకే మిస్‌ఫైర్ ఉంటే తరువాత వచ్చేవాడికి రాతపూర్వకంగా అప్పజెప్పాలని గనుల నిబంధనల్లోనే ఉంది. పని మధ్యలో ఆగడం తప్పు కాదు, రోజుకు మూడు షిఫ్టులంటే అది ఆగుతూనే ఉంటుంది. ఎక్కడ ఆగిందో చెప్పకపోవడమే తప్పు.

రైల్వేలోనూ అంతే. సింగిల్ లైన్ మీద అవతలి స్టేషన్ ఒప్పుకోనిదే టోకెన్ బయటికి రాదు. ఆ టోకెన్ తిరిగి మిషన్‌లో పడేదాకా రెండో టోకెన్ రాదు. స్టేషన్ మాస్టర్ ఫోన్‌లో మాట ఇస్తే దానికో ప్రైవేట్ నంబర్ చెప్తాడు, అది రిజిస్టరులో ఎక్కుతుంది. మధ్యలో ఎవరు పిలిచినా, టీ తాగడానికి పోయినా, తిరిగి వచ్చి ఆ పేజీ చూస్తే ఏ బండి ఎక్కడుందో తెలుస్తుంది. మనిషి జ్ఞాపకాన్ని నమ్ముకుని బండి నడపకూడదని పెద్దలు ఎప్పుడో తీర్మానించుకున్నారు.

ఇప్పుడు ఇంకొంచెం పెద్ద కథ. మన గనుల చరిత్రలో అంతరాయం మీద జరిగినంత పెద్ద యుద్ధం ఇంకోటి లేదు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడికి వచ్చింది. 1894లో బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా రైలు మార్గం పడింది. బౌరింగ్‌పేటే ఇప్పటి బంగారపేట. బొగ్గుతో, కట్టెలతో నడిచే ఆవిరి ఇంజన్లకు ఖర్చు ఎక్కువ. మైసూరు దివాను కె. శేషాద్రి అయ్యర్ హయాంలో కావేరి మీద శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు తీసి గనులకు పంపాలని నిశ్చయించారు. జోలీ డి లాబినియేర్ అనే ఇంజనీరు అమెరికా, యూరప్ తిరిగి చూసివచ్చారు. 1902 జూన్ 30న కరెంటు మన గనులకు చేరింది. దూరం 92 మైళ్లు, అంటే సుమారు 148 కిలోమీటర్లు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే చాలా పొడవైన కరెంటు లైన్లలో అదొకటి. బెంగళూరుకు వీధి దీపాలు వచ్చింది దానికి మూడేళ్ల తరువాత, 1905లో. శేషాద్రి అయ్యర్ మాత్రం 1901లోనే కన్నుమూశారు. తాను మొదలుపెట్టిన పని ముగియడం ఆయన చూడలేదు.

కరెంటు వచ్చింది కానీ కావేరి మన మాట వినదు కదా. వేసవిలో నీళ్లు తగ్గితే శివనసముద్రంలో ఉత్పత్తి తగ్గుతుంది. ఇంట్లో దీపం ఆరితే కొవ్వొత్తి వెలిగించుకుంటాం. గనిలో మనుషుల్ని, రాతిని పైకి లాగే యంత్రాలు, గాలి కంప్రెసర్లు, ఊట నీళ్లు తోడే పంపులు, ఖనిజం దంచే మిల్లులు అన్నీ కరెంటు మీదే ఉంటే పది నిమిషాల కోత పది నిమిషాలతో పోదు. పంపు ఆగితే నీళ్లు ఎక్కుతాయి, పంపు తిరగడం మొదలయ్యాక ముందు ఆ ఎక్కిన నీళ్లు తోడాలి, ఆ తరువాతే పని. మా గొట్టాల లెక్కలాంటిదే, కాకపోతే వేల అడుగుల లోతులో.

దీనికి మందు కనిపెట్టినాయన మన జిల్లాలోనే పుట్టారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి అప్పట్లో కోలారు జిల్లా, 2007 నుంచి చిక్కబళ్లాపుర జిల్లా. ఇంటి పేరు చెప్తున్న మోక్షగుండం ప్రకాశం ప్రాంతంలోని ఊరు. తెలుగు ఇంటివారు. 1909లో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరు అయ్యారు. కన్నంబాడి దగ్గర కావేరికి ఆనకట్ట కట్టి, వానాకాలం నీళ్లు నిలవచేసి, ఏడాది పొడవునా శివనసముద్రానికి ఒకే తీరుగా వదలాలన్నది ఆలోచన. మండ్య పొలాలకు నీళ్లు కూడా అందులో భాగమే. కానీ గనులకు తెగని కరెంటు ఇవ్వాలన్న అవసరం ఆ పనికి పెద్ద బలం. 1911లో పని మొదలైంది.

ఆ పనికే ఎన్ని అంతరాయాలో చూడండి. కింద మెట్టూరు దగ్గర తానూ ఆనకట్ట కట్టాలనుకుంటున్న మద్రాసు ప్రభుత్వం అడ్డు చెప్పింది. మైసూరు అడిగిన ఎత్తు 124 అడుగులు, మొదట అనుమతి దొరికింది 80 అడుగులకే. విశ్వేశ్వరయ్య గారు ఏం చేశారు? కట్టేది 80 అడుగులకైనా పునాది మాత్రం 124 అడుగుల గోడ మోయగలిగే వెడల్పుతో వేయించారు. 1914లో మధ్యవర్తి తీర్పు వచ్చింది, దాని మీద మళ్లీ గొడవ జరిగింది, చివరికి 1924లో ఒప్పందం కుదిరింది. ఆనకట్ట పూర్తయ్యేసరికి 1930లు వచ్చాయి. ఇరవై ఏళ్లు సాగిన పని. పునాది ఇరుకుగా వేసి ఉంటే అనుమతి దొరికిన రోజు మళ్లీ మొదటి నుంచి కట్టాల్సి వచ్చేది. ఆపేటప్పుడే, తిరిగి మొదలుపెట్టే రోజును మనసులో పెట్టుకున్నారు. మా సీనియర్ పెన్సిల్ ఉపాయం, విశ్వేశ్వరయ్య గారి పునాది మాకు ఒకే బుద్ధిగా కనపడతాయి. ఆయన నదిని తిట్టలేదు, మద్రాసు వాళ్ల కోసం పని మానలేదు. ఏర్పాటు చేసుకున్నారు.

మన గనికి ఇంకో గొప్ప ఉంది, అది మన పిల్లలకే సరిగా తెలియదు. ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాల కణాలు ఎప్పుడూ పడుతుంటాయి. మన అరచేయంత చోటులోంచి సుమారు సెకనుకొకటి పోతూ ఉంటుందట. న్యూట్రినో అనే అతి అరుదుగా చిక్కే కణాన్ని పట్టాలంటే ఈ గోల మధ్య కుదరదు. అందుకని బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్ ఒసాకా వాళ్లు, ఇంగ్లండ్ డర్హమ్ వాళ్లు కలిసి మన ఛాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2300 మీటర్ల లోతున పరికరాలు పెట్టారు. 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల గుర్తు అక్కడ దొరికింది. అదే కాలంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకో బృందానికీ దొరికింది. పరికరం ఎంత మంచిదైనా గోల మధ్య ఉంటే పనికిరాదని, దానికి రెండు కిలోమీటర్ల రాతి కప్పు వేశారు. మనం మన పిల్లోడికి ఒక తలుపు కూడా వేయనివ్వలేదు.

ఇక వాడి పని దగ్గరికి వద్దాం. మొన్న ఆదివారం వాడి ఇంట్లో పక్కన కూర్చుని చూశాం. సాఫ్ట్‌వేర్ అంటే టైపింగ్ అనుకున్నాం, కాదు. ఒక్క పేరు ఎక్కించడానికి ఎన్ని ముడులో. ఒకే మనిషి రెండు గనుల్లో పని చేసి ఉండొచ్చు. పెళ్లయ్యాక ఆడబిడ్డ వేరే లైన్‌కు మారి ఉంటుంది. ఒకే పేరును తమిళం వాళ్లు ఒకలా, తెలుగు వాళ్లు ఒకలా, గని గుమస్తా ఇంకోలా రాసి ఉంటారు. ఒకచోట మారిస్తే నాలుగుచోట్ల మారాలి. ఆ నాలుగు చోట్లూ ఒకేసారి తలలో నిలబెట్టుకుంటేనే పని నడుస్తుంది. ముప్పై గొట్టాల లెక్క లాగానే.

వాడు ఒక సంగతి చెప్పాడు. ఒకరోజు రాత్రి, రెండుసార్లు ఎక్కిన పేర్లను కలిపే పని చేస్తున్నాడు. పేరు ఒకటే అయినా తండ్రి పేరు, సొంతూరు కూడా చూడమని రాయబోతుండగా మనవాళ్లు ఫోన్ చేశారు. "బాబూ, మా చిన్నాయన ఫోటో పెట్టావా?" అని. పది నిమిషాలు మాట్లాడి వచ్చి, ఆ రెండు షరతులు రాసేశానని అనుకుని నడిపించాడు. మన రిజిస్టరులోని మునియమ్మలందరూ కలిసి ఒకే మునియమ్మ అయిపోయారు! నవ్వొచ్చింది మాకు. కానీ వాడు నవ్వలేదు. పాత కాపీ ఉంది కాబట్టి మునియమ్మలు తిరిగొచ్చారు. ఆ వారం ఎక్కించిన వివరాలు మాత్రం పోయాయి. మళ్లీ మొదటి నుంచి.

ఆ ఫోన్ ఎవరు చేశారని వెతకొద్దు. ఫోటో గురించి మేమే రెండుసార్లు చేశాం.

దీని మీద చదువుకున్నవాళ్లు ఏం చెప్పారో వాడే కొంత చూపించాడు. 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ మనుషులకు చిన్న చిన్న పనులిచ్చి, సగం పనులు మధ్యలో ఆపించింది. ముగిసిన వాటికన్నా ఆగిన పనులే వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయట. తరువాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు గానీ, ఆగిన పని మనసును గోకుతుందన్నది మనకు తెలిసిన సంగతే. 2009లో సోఫీ లెరాయ్ అనే ఆవిడ దానికి ఇంకోవైపు చూపింది. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి పోతే, మొదటి పని మడ్డి మనసు అడుగున మిగిలి, రెండో పనిని కూడా పాడుచేస్తుంది. 2008లో గ్లోరియా మార్క్ బృందం చూసిందేమంటే, అంతరాయాలు పడినవాళ్లు పనిని తొందరగానే ముగించారు, నాణ్యతా తగ్గలేదు, కానీ ఒత్తిడి, చికాకు బాగా పెరిగాయి. అంటే పని ఆలస్యం కాలేదు కాబట్టి నష్టం లేదనుకోకూడదు, ఆ నష్టం మనిషి ఒంటి మీద పడుతుంది. చిన్న ప్రయోగంలో అలా తొందరపడి నెట్టుకురావచ్చు. ఉద్యోగం ముగించుకుని అలసి వచ్చి, నెలల తరబడి ముడులు విప్పే పనిలో అది ఎంతకాలం సాగుతుంది?

మీటింగులో ఇంకో మాట వచ్చింది, "ఇంకో ఇద్దరు పిల్లల్ని జతచేద్దాం, గబగబా అయిపోతుంది" అని. దీనికి జవాబు 1975లోనే ఉంది. ఐబీఎం కంపెనీలో పెద్ద సాఫ్ట్‌వేర్ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని పుస్తకంలో రాశారు. కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది పాతవాడే. అది కూడా అంతరాయమే. మాకిది వెంటనే అర్థమైంది. కొత్త క్లర్కు చేరిన మొదటి నెల కౌంటర్ ఎప్పుడూ నిదానంగానే నడిచేది.

అలాగని ఎవరూ ఎవరినీ పిలవకూడదని కాదు. పట్టాల మీద ఎర్ర గుడ్డ కనపడితే ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ అయినా ఆగాల్సిందే. గనిలో రాతి పేలుడు జరిగితే ఏ పనిలో ఉన్నా వదిలి పరుగెత్తాల్సిందే. చావు, ఆసుపత్రి, రక్తం కావాలన్న మాట, వీటికి రాత్రి రెండింటికైనా ఫోన్ చేయాలి. చిన్నాయన ఫోటో ఎర్ర గుడ్డ కాదు. అంతే తేడా.

ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. కొన్ని అంతరాయాల నుంచి తిరిగి రావడం ఉండదు. 2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడ్డాయి. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుని, 1962లో కేంద్రానికి వెళ్లి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయిన కంపెనీ అది. పంపులు ఆగాయి. నీళ్లు ఎక్కాయి. కింద ఎవరి డ్రిల్లు ఎక్కడ ఆగిందో, ఏ గోడ మీద ఎవరు సుద్దముక్కతో ఏం రాశారో ఇక ఎవరూ చూడరు. మన చేతుల్లో మిగిలింది పెద్దవాళ్ల తలల్లో ఉన్న లెక్క ఒక్కటే. ఆ లెక్క మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి వేయడానికి వాళ్లు ఉండరు. టింబర్‌మన్ తాత విషయంలో అదే అయింది.

కాబట్టి కమిటీ ముందు మా మనవి నాలుగు మాటల్లో:

ఒకటి, రిజిస్టరు సంగతులకు పిల్లోడికి ఎవరూ నేరుగా ఫోన్ చేయొద్దు. అడగాల్సింది ఉంటే సంఘం ఆఫీసులో ఒక నోట్‌బుక్ పెడతాం, అందులో రాయండి. రాయలేనివాళ్లు మాకు చెప్పండి, మేము రాస్తాం. రిటైరైన క్లర్కుకు ఇంతకన్నా ఏం పని?

రెండు, ఆదివారం సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా వాడే ఫోన్ చేసి ఆ నోట్‌బుక్‌లోని ప్రశ్నలన్నిటికీ ఒకేసారి జవాబు చెప్తాడు. వాడు ఒప్పుకున్నాడు.

మూడు, పని ఆపే ప్రతిసారీ ఎక్కడ ఆపాడో, తరువాత ఏం చేయాలో వాడు రెండు వరసలు రాసిపెడతాడు. మా సీనియర్ పెన్సిల్ కథ విని, ఆఫీసులో కూడా ఇది చేస్తానన్నాడు.

నాలుగు, పెద్దవాళ్ల దగ్గర వివరాలు సేకరించడం కంప్యూటర్ కోసం ఆగకూడదు. వచ్చే ఆదివారం పొద్దున పది గంటల నుంచి మేము కాగితం, పెన్నుతో సంఘం ఆఫీసులో కూర్చుంటాం. మీ నాయన, తాత వాళ్ల గేట్ పాస్, జీతం చీటీ, లైన్ ఇంటి నంబరు, ఏది ఉన్నా తీసుకురండి. ఏమీ లేకపోతే సొంతూరి పేరు చెప్పండి చాలు. నడవలేని పెద్దవాళ్లుంటే కబురు పెట్టండి, మేమే ఇంటికి వస్తాం.

మేము రాసుకునేటప్పుడు మాత్రం మధ్యలో కాఫీ కావాలా అని అడగొద్దు. రాయడం అయ్యాక ఇవ్వండి, తప్పకుండా తాగుతాం.